ఆంజనేయులు గారి నాలుక

మా సెక్టారులో పెళ్ళి కుదిరితే మొదట పురోహితుడికి కబురు వెళ్ళేది, ఆ వెంటనే సీతారామాంజనేయులు గారికి. ముహూర్తం ఆయన పెట్టాలి, పాకం ఈయన చూడాలి. ఉక్కునగరం క్వార్టర్ల వెనక షామియానా వేసి, బాణలి పొయ్యి మీద పెట్టి, వంటవాళ్ళు గరిటె పట్టుకుని ఎదురుచూస్తూ ఉండేవాళ్ళు. ఈయన రోలింగ్ మిల్లులో డ్యూటీ దిగి, హెల్మెట్ చంకలో పెట్టుకునే వచ్చి, పాకం చుక్క నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకునేవారు. ఆ కళ్ళు తెరుచుకునేదాకా వంటవాడి ప్రాణం ప్రాణంలో ఉండేది కాదు. తెరిచి ఊరికే తల ఊపితే సరే. "ఇంకాస్త" అన్నారో, పెళ్ళికొడుకు గుర్రం దిగి వచ్చినా సరే, పొయ్యి మీంచి బాణలి దిగేది కాదు.

ఆయనది కోనసీమ. స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చి ఇటు వచ్చేసిన వందల మందిలో ఆయనొకరు. అటువైపు వాళ్ళకి తీపి మీద ఎలాగూ మక్కువ ఎక్కువే అంటారు గానీ, ఈయనది మక్కువ కాదు, పట్టింపు. బెల్లం ముక్క నోట్లో వేసుకుని కొత్తదో పాతదో చెప్పేవారు. నెయ్యి ఏ రోజు కాచారో చెప్పేవారు. తప్పు చెప్పినా ఎవరికీ తెలిసేది కాదనుకోండి, అయినా అందరూ నమ్మేవాళ్ళు. మాలో కుర్రాళ్ళు చాటుగా నాలుకాంజనేయులు గారనేవాళ్ళు. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసి లోపల్లోపల మురిసిపోయేవారు కూడా.

ఇలాంటి మనిషితో కాపురం ఎలా ఉంటుందో ఆయన భార్య కనకరత్నం గారినే అడగాలి. ఆవిడ చారు గిన్నె బల్ల మీద పెట్టి, ఆయన మొదటి ముద్ద మింగేదాకా కొంగు మెలేస్తూ నిలబడడం నేను కళ్ళారా చూశాను. మంచి మనిషే ఆయన, ఎవరినీ పరుషంగా ఒక్క మాట అనే రకం కాదు. కానీ భోజనం దగ్గర ఆయన మౌనంగా ఉంటే ఆ ఇంట్లో అందరికీ ఆకలి చచ్చిపోయేది.

ఇక నజీర్ సంగతి చెప్పాలి.

తొంభైల్లో ఎండాకాలం సెలవులు ఇస్తే, బిస్కెట్లు కాల్పించుకోవడం అని ఓ పెద్ద కార్యక్రమం ఉండేది. కొనుక్కోవడం కాదు, కాల్పించుకోవడం. మైదా, పంచదార, డాల్డా మనమే మోసుకుని వెళ్ళాలి. భట్టీవాడు కలిపి, అచ్చులు గుద్ది, రేకుల మీద పరిచి, పొయ్యిలో తోసి, కాల్చి ఇస్తాడు. తెచ్చుకున్న డబ్బా నిండా నింపుకుని ఇంటికి పోవడమే. మా ఆడవాళ్ళు బస్సు ఎక్కి అంత దూరం, వన్‌టౌన్‌లో పాత పోస్టాఫీసు దగ్గర సందులో ఉన్న నజీర్ అహ్మద్ భట్టీకి వెళ్ళేవాళ్ళు. వెళ్ళి, తమ మైదా పక్కావిడ రేకులోకి పోతుందేమోనని కళ్ళలో వత్తులు వేసుకుని కాపలా కాసేవాళ్ళు. నజీర్ నవ్వి ఊరుకునేవాడు. వాళ్ళ నాన్న కట్టిన భట్టీ అది. సరుగుడు కర్రల మంట. ఆ సందులోకి అడుగు పెడితేనే పిల్లలకి నోరూరేది.

ఓ ఎండాకాలం కనకరత్నం గారికి ఒంట్లో బాగోలేక ఆంజనేయులు గారే మైదా సంచీ మోసుకుని వెళ్ళారు. నజీర్ కలుపుతున్న పిండిలోంచి చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని, అలవాటుగా కళ్ళు మూసుకున్నారు.

"ఉప్పు చాలదండి," అన్నారు.

నజీర్ చేతులు ఆగిపోయాయి. "ఏటి బావా, మా అబ్బా కాలం నుంచీ ఇదే కొలత. నువ్వొచ్చి ఇయ్యాల సాలదంతావేటి?"

"తీపి తెలియాలంటే ఉప్పుండాలండి బాబూ. ఓ చిటికెడు వేసి చూడండి. చెడితే నా మైదాయే కదా చెడేది."

వేసి చూశాడు. చల్లారాక ఇద్దరూ చెరో బిస్కెట్టు తిన్నారు. ఆ ఏడాది నుంచి నజీర్ కొలత మారింది. స్నేహం అలా కుదిరింది. అటు తర్వాత వారపు సెలవు వస్తే ఆంజనేయులు గారు పూర్ణా మార్కెట్లో కూరలు కొనే వంకతో భట్టీకి వెళ్ళి కూర్చునేవారు. కూరలు వాడిపోయాక ఇంటికి చేరేవి.

రెండు వేల సంవత్సరం దాటాక భట్టీకి జనం తగ్గారు. ప్రతి కొట్టులో రంగురంగుల ప్యాకెట్లు వేలాడుతుంటే మైదా మోసుకుని వన్‌టౌన్ దాకా ఎవరొస్తారు? ఒకప్పుడు ఎండాకాలమంతా ఆరని పొయ్యి వారంలో సగం రోజులు చల్లగా ఉండేది. నజీర్ దాని గురించి ఎక్కువ మాట్లాడేవాడు కాదు. కానీ చల్లారిన భట్టీ ముందు అతను కూర్చున్న తీరు చూసి ఆంజనేయులు గారు ఆఖరి బస్సు దాకా కదిలేవారు కాదు.

ఆ రోజుల్లోనే కనకరత్నం గారు బొబ్బట్లు కట్టి ఇస్తే, భట్టీ అరుగు మీద కూర్చుని ఇద్దరూ తింటున్నారు. ఆంజనేయులు గారు నములుతూ నములుతూ ఆగిపోయారు.

"బావా, ఈ పూర్ణం మధ్యలో పెట్టి బిస్కెట్టు కాలిస్తే ఏమవుతుంది?"

"మాడిపోద్ది."

"పల్చగా పెడితే?"

మొదటిసారి మాడింది. రెండోసారి పచ్చిగా ఉండిపోయింది. ఆ తర్వాత కుదిరింది. పైన కరకర, కొరికాక మధ్యలో శనగపూర్ణం మెత్తగా, ఏలకుల వాసనతో. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పిల్లల్లా నవ్వారు. ఇక ఆగుతారా? పూతరేకుల పొడి, బెల్లం, నెయ్యి కలిపి పొరలు పొరలుగా విడిపోయే బిస్కెట్టు చేశారు. పాకం పీల్చుకున్న కాజా బిస్కెట్టు చేశారు. నజీర్ భార్య రసూల్ బీ పండగకి చేసే డబల్ కా మీఠాని, వేయించిన రొట్టె పొడీ కోవా కుంకుమపువ్వూ వేసి బిస్కెట్టులోకి దింపారు. అన్నిటికంటే గొప్పది ఖుబానీ బిస్కెట్టు. ఎండిన ఖుబానీ పళ్ళు ఉడికించి ముద్ద చేసి మధ్యలో పెట్టడం, గింజలు పగలగొట్టి లోపలి పప్పు నలిపి పైన చల్లడం. అది నోట్లో వేసుకున్నాక ఆంజనేయులు గారు చాలాసేపు కళ్ళు తెరవలేదు. తెరిచి, "బావా, ఇది అమ్మే సరుకు కాదు, దాచుకునే సరుకు," అన్నారు. నాకా మాట చెబుతున్నప్పుడు కూడా ఆయన కళ్ళు మూసుకున్నారు.

ఆ తర్వాతే ఆయన స్కూటరు మీంచి పడ్డారు. డ్యూటీ దిగి వస్తుంటే గాజువాక మలుపులో ఇసుక మీద బండి జారింది. తల వెనక భాగం రోడ్డుకి కొట్టుకుంది. ప్రాణానికి భయం లేదన్నారు, కుట్లు వేశారు, ఇంటికి పంపారు. ఇంటికొచ్చిన రోజు కనకరత్నం గారు మిరియాల చారు పెట్టారు. ఆయన ఓ ముద్ద తిన్నారు. ఇంకో ముద్ద తిన్నారు. వేడి తెలిసింది, మెత్తదనం తెలిసింది. చారు మాత్రం తెలియలేదు. పెరుగూ అంతే, మాగాయా అంతే. చెంచాడు పంచదార నోట్లో పోసుకున్నారు. ఇసుక కరుగుతున్నట్టుందిట.

డాక్టరు చూసి, దెబ్బకి నరాలు దెబ్బతిన్నాయి, వాసనా రుచీ కొందరికి తిరిగి వస్తాయి, కొందరికి రావు, ఓపిక పట్టండి అన్నాడు. ఓపిక పట్టడం తప్ప ఏం చేస్తారు? రోజూ పొద్దున్నే లేచి ఉప్పు రాయి నాలుక మీద పెట్టుకుని చూసుకునేవారు. ఏమీ లేదు.

కొన్నాళ్ళు దాచారు. అది సిగ్గు అనుకోండి, భయం అనుకోండి. తర్వాత ఓ రోజు పప్పు తింటూ భార్యతో, "ఏంటోనే, రుచే తెలియట్లేదు," అన్నారు. అన్నాళ్ళూ ఆ మనిషి మొహం చూసి చూసి విసిగిపోయిన ఆవిడ ఆ మాట ఎలా వింటుంది?

"ఇన్నేళ్ళకి ఇది కూడా అనిపించుకున్నాను. రేపట్నుంచి మెస్సులో తినండి," అని కంచం ముందు నుంచి లేచిపోయింది.

ఆవిడకి తర్వాత అర్థమైందిలెండి, ఉప్పు మర్చిపోయిన కూర ఆయన మారు మాట లేకుండా తినేస్తుంటే. అర్థమయ్యాక వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. బయటికి మాత్రం ఎవరికీ చెప్పొద్దంది. "మీ పేరే అది కదండీ," అందిట.

ఆయన అప్పటికీ చెప్పారు. పెళ్ళికి పిలవడానికి వచ్చినవాళ్ళతో, "నా నాలుక పోయిందండి, ఇంకెవరినైనా చూసుకోండి," అన్నారు. మనవాళ్ళకో జబ్బుంది. ఎదుటివాడి గురించి ఒక మాట అనేసుకున్నాక, వాడే వచ్చి కాదని మొత్తుకున్నా వినరు. ఆంజనేయులు గారు బతిమాలించుకుంటున్నారనుకున్నారు, వయసు వచ్చి వినయం పెరిగిందనుకున్నారు, చేయి పట్టుకుని లాక్కెళ్ళారు. ఆయన పాకం నోట్లో వేసుకుని కళ్ళు మూసుకోలేదు, ఓరగా వంటవాడి మొహం చూశారు. వాడు ధీమాగా ఉంటే తల ఊపారు, బెదురుగా ఉంటే ఇంకాస్త అన్నారు. అందరూ ఆహా అన్నారు. ఆ రాత్రి ఇంటికొచ్చి, "దొంగతనం చేసినట్టుందే," అన్నారుట భార్యతో.

ఇలా ఉండగా నజీర్‌కి అదృష్టం తలుపు తట్టింది. బీచ్ రోడ్డులో కొత్తగా తెరిచిన ఓ పెద్ద హోటలు వాళ్ళకి, పాతకాలం మిఠాయిల రుచితో కుకీలు కావాలిట. వచ్చే అతిథుల గదుల్లో పెట్టడానికి, కింద కేకుల దుకాణంలో పెట్టెల్లో అమ్మడానికి. ఎవరో భట్టీ సంగతి చెబితే ఆ హోటలు మేనేజరు రమణమూర్తి వచ్చి చూసి, రంజాన్ పండగ వెళ్ళాక అన్ని రకాలూ తీసుకురండి, మా షెఫ్ రుచి చూస్తాడు, నచ్చితే ఏడాది పొడుగునా ఆర్డరు మీదే అన్నాడు. నజీర్ ఆ సాయంత్రం ఆంజనేయులు గారికి ఫోను చేశాడు. "బట్టీ సల్లారదింక బావా," అన్నాడు. ఇది దక్కకపోతే భట్టీ మూసేసి అక్కయ్యపాలెంలో ఎవరి బేకరీలోనో కూలికి పోవడమేనని అంతకు ముందు వారమే అతను అన్నాడు. అందుకని ఆ మాట విలువ ఆంజనేయులు గారికి తెలుసు.

పండగ వెళ్ళాక కదా, అప్పటికి నజీర్ తానే తాపీగా అన్నీ తిని చూసుకోవచ్చు. భట్టీ బెంగతో ఉన్న మనిషికి తన నాలుక సంగతి చెప్పలేక దాచుకొస్తున్న ఆంజనేయులు గారు గుండెల మీద చెయ్యి వేసుకున్నారు.

రంజాన్ నెల సగం దాటింది. ఓ రోజు పొద్దున్న హోటలు నుంచి కబురు. పెద్ద యజమాని ఊళ్ళో ఉన్నాడు, సాయంత్రం విమానానికి వెళ్ళిపోతాడు, ఆయన కూడా రుచి చూస్తానంటున్నాడు, ఇవాళే నాలుగింటికి తెచ్చెయ్యండి. కుదరదంటే ఇక కుదరదన్నట్టే. నజీర్ భట్టీ ముట్టించి ఆంజనేయులు గారి సెల్లుకి ఫోను చేశాడు. ఆయనకి ఆ రోజు సెలవు. దువ్వాడలో చుట్టాలింటికి బయల్దేరిన మనిషి బస్సు దిగి వన్‌టౌన్ బస్సెక్కారు.

వెళ్ళేసరికి రసూల్ బీ అరుగు మీద కూర్చుని ఖుబానీ గింజలు పగలగొడుతోంది. పాత పళ్ళు అయిపోతే పొద్దున్నే బజారు నుంచి కొత్తవి తెచ్చారు. ఖుబానీ పప్పులో ఒక చిక్కుంది. కొన్ని పళ్ళ పప్పు బాదంలా కమ్మగా ఉంటుంది, కొన్నిటిది కటిక చేదు. పైకి రెండూ ఒకటే, రంగూ వాసనా కూడా తేడా ఉండదు. నోట్లో వేసుకుంటేనే తెలిసేది. అందుకని ఏ సంచీ తెచ్చినా మొదట నాలుగైదు పప్పులు నమిలి చూడకుండా నజీర్ పని మొదలుపెట్టడు. ఇవాళ భట్టీలో అందరికీ రోజా. పొద్దు గూకేదాకా మంచినీళ్ళు కూడా ముట్టరు.

నజీర్ పప్పులు దోసిట్లో పోసి తెచ్చి ఆంజనేయులు గారి ముందు పెట్టాడు. "నువ్వొచ్చీసినావు, నాకింక బెంగనేదు. ఇయ్యి సూడు బావా, సేదేటైనా ఉంటే ఇప్పుడే సెప్పీ."

ఆంజనేయులు గారు ఆ పప్పుల వంక చూశారు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడు చెబుతారు?

"బావా, నాకు రుచి తెలియట్లేదు. స్కూటరు మీంచి పడ్డప్పట్నుంచీ. ఉప్పు కూడా తెలియదు. నిజం చెప్తున్నాను."

నజీర్ ఆయన మొహంలోకి చూసి మెల్లగా నవ్వాడు. "నాకర్థమైంది బావా. రోజా ఉన్నోళ్ళ ముందల తిండానికి మొగమాటం. అంతే గదేటి?"

"అది కాదు..."

"ప్రతేడూ ఇంతే నువ్వు. రంజాన్‌లో మా ఇంటికొత్తే మంచినీళ్ళు గూడా తాగవు. ఇది తిండం కాదు, నా పని. ఏటీ అనుకోం, తిను."

అది నిజమే. రంజాన్‌లో ఆయన ఎప్పుడు వెళ్ళినా టీ చుక్క ముట్టుకునేవారు కారు. ఇన్నేళ్ళ ఆ మర్యాదే ఇవాళ ఆయన నోరు నొక్కేసింది. ఆయన నిజం చెబుతుంటే నజీర్‌కి అందులో స్నేహితుడి మంచితనం కనబడుతోంది. ఇంకోసారి చెప్పారు, ఇంకోసారి నవ్వాడు. డాక్టరు చీటీ ఇంట్లో ఉందన్నారు. "సీటీలెందుకు మన మజ్జెన," అన్నాడు.

"పోనీ నువ్వే నాలుక కొసన పెట్టి ఉమ్మెయ్ బావా. పని ఉంటే తప్పు లేదని మీవాళ్ళే అంటారు కదా."

"అంతారు. నాను ఎప్పుడూ అలగ సెయ్యలేదు. నువ్వుండగా నాకెందుకది?"

ఆంజనేయులు గారు ఓ పప్పు నోట్లో వేసుకున్నారు. గట్టిగా ఉంది, నలిగింది, జిడ్డుగా అయింది. అంతే. ఇంకోటి వేసుకున్నారు. కళ్ళు మూసుకుని దేవుణ్ణి కూడా అడిగారుట, ఈ ఒక్కసారికి అని. తర్వాత నాలుగు పప్పులు గుప్పిట్లో దాచుకుని, సందు చివర టీ కొట్టు జగ్గయ్య దగ్గరికి పరిగెత్తినట్టు వెళ్ళారు. జగ్గయ్య నోట్లో కిళ్ళీ. ఉమ్మేసి, పుక్కిలించి, ఓ పప్పు నమిలాడు.

"ఎలా ఉందీ?"

"తమరు తిన్నారా బాబూ? తమరేటన్నారు?"

"నా సంగతి కాదయ్యా, నీకెలా ఉంది?"

"బాగానే ఉన్నాది. ఈ రెండోది కొంచెం సేదుగొచ్చినట్టుంది. కిళ్ళీ నోరు కదా, నాకేటి తెలుస్తాది?"

ఆయన గబగబా వెనక్కి వచ్చి చెప్పారు. జగ్గయ్యకి చేదు తగిలిందిట, ఈ పప్పు వద్దు, బాదం చల్లెయ్ అన్నారు. అప్పటికే నజీర్ మొదటి రేకు మీద పప్పు చల్లి ఉన్నాడు. గడియారం వంక చూశాడు.

"బావా, సున్నం, జర్దా నమిలే నోరది. ఆడి మాట ఇని నీ నోటిని ఒగ్గెయ్యమంతావేటి? నువ్వు తిన్నావు గదా, మొకం గూడా సిట్లించలేదు. అదే సాలు నాకు."

రసూల్ బీ కూడా, "అన్నయ్య అలగే అంతారు. కడుపు ఖాళీగున్నోళ్ళ ముందల బాగుందనడానికి మనసొప్పదు," అంది ప్రేమగా.

రేకులు భట్టీ లోపలికి పోయాయి. అంత ప్రేమ ముందు ఆయన ఏం చేయగలరు? కొట్టగలరా, అరవగలరా? రేకు లాగి నేల మీద పారబోసి ఉంటే బాగుండేదని తర్వాత నాతో అన్నారు. కానీ పారబోసే ధైర్యం కూడా రుచి తెలిసినవాడికే ఉంటుంది. పప్పు చేదుదో కమ్మటిదో ఆయనకే తెలియదు కదా.

హోటల్లో చల్లటి గది. తెల్లటి గుడ్డ పరిచిన పొడుగాటి బల్ల. నజీర్ ఉతికిన కుర్తా వేసుకుని, రకానికో పళ్ళెంలో బిస్కెట్లు సర్ది, పక్కన నిలబడ్డాడు. యజమాని, షెఫ్, రమణమూర్తి కూర్చున్నారు. పైన నలిపిన పప్పుతో మెరుస్తూ ఖుబానీ బిస్కెట్టు అన్నిటికంటే అందంగా ఉంది. ముగ్గురూ దాన్నే తీసుకున్నారు.

ఆంజనేయులు గారు వాళ్ళ మొహాలు చూస్తున్నారు. ఏడాదిగా ఆయన చేస్తున్న పని అదే. యజమాని నమలడం ఆపాడు. షెఫ్ కాగితం రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. రమణమూర్తి మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు. నజీర్‌కి ఏమీ అర్థం కాలేదు, చిన్నగా నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు చూడలేక ఆంజనేయులు గారు తల దించుకున్నారు.

"ఇదేంటండీ, ఇంత చేదు?" అన్నాడు రమణమూర్తి.

"సేదు రాదండి. పప్పు సూసే ఏసినాం."

"అయితే మీరు ఒకటి తిని చూడండి."

"నాకు రోజా ఉందండి." నజీర్ ఆంజనేయులు గారి భుజం మీద చెయ్యి వేశాడు. "మా బావ తింటాడు. గోదారి మనిషి. స్టీల్ ప్లాంటు కాలనీ అంతా ఈయన నోటి మీదే పెళ్ళిళ్ళు సేత్తారు."

పళ్ళెం ఆయన ముందుకి జరిగింది. అందరూ చూస్తుండగా తీసుకుని కొరికారు. కరకరలాడింది. ముద్ద మెత్తగా తగిలింది. నమిలి మింగారు.

"చెప్పండి," అన్నాడు యజమాని.

"నాకు రుచి తెలియదండి. తలకి దెబ్బ తగిలి పోయింది. ఇది చేదో తీపో నాకు తెలియదు. తప్పు నాది, ఈయనది కాదు. మిగతావి బాగుంటాయి, దయచేసి ఇంకోసారి..."

యజమాని వాచీ చూసుకుని నవ్వాడు. కోపంతో కాదు, మెచ్చుకున్నట్టే నవ్వాడు. "స్నేహితుణ్ణి పట్టివ్వకుండా భలే తప్పించుకున్నారండీ." షెఫ్ పూతరేకుల బిస్కెట్టు చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. చేదు నిండిన నోటికి అదేం తెలుస్తుంది? తల అడ్డంగా ఊపాడు. బొబ్బట్టు బిస్కెట్టు ఎవరూ ముట్టుకోలేదు. కబురు చేస్తామన్నారు. ఆ మాటకి అర్థం ఏమిటో నజీర్‌కీ తెలుసు.

బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. "ఆళ్ళకి తెల్దు బావా," అన్నాడు నజీర్ జగదాంబ దాటాక. "మన పప్పులో ఏ దోసం నేదు. నువ్వు తిన్నావు గదా." కొంచెంసేపయ్యాక, "పెద్దోళ్ళ ముందల నన్ను కాసుకోడానికి నీ నాలుకే పోయిందన్నావు. ఎవుడంతాడు అలగ," అని ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆంజనేయులు గారు కిటికీ లోంచి చూస్తూ కూర్చున్నారు. ఇంకోసారి చెప్పినా ఏం లాభం.

భట్టీకి చేరేసరికి పొద్దు గూకుతోంది. రసూల్ బీకి మొహాలు చూస్తేనే తెలిసిపోయింది. చాప పరిచి ఖర్జూరాలు, మంచినీళ్ళు పెట్టింది. అజాన్ వినబడింది. నజీర్ ఖర్జూరం తిని, గ్లాసెడు నీళ్ళు గటగటా తాగి, హోటలు నుంచి తిరిగొచ్చిన పెట్టె తెరిచాడు. ఖుబానీ బిస్కెట్టు తీశాడు.

ఆంజనేయులు గారి చూపు అతని మొహం మీంచి కదల్లేదు. నజీర్ కొరికాడు. నమిలాడు. మొహంలో ఏమీ మారలేదు. అలాగే మింగాడు.

"ఎలా ఉంది బావా?"

"బాగున్నాది."

"నిజం చెప్పు."

"బాగున్నాదంతన్నాను గదా."

ఆయన నమ్మబోయారు. అంతలో రసూల్ బీ, "అయితే నాకూ ఒకటియ్యండి, ఆళ్ళకి నచ్చలేదేటో సూత్తాను," అని చెయ్యి చాపింది. నజీర్ చటుక్కున పెట్టె తన వెనక్కి లాక్కున్నాడు.

"ఒద్దు. ఇయ్యి నాకూ బావకే."

ఆవిడ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. నజీర్ తల వంచుకుని చాప అంచు గోటితో గీకుతూ చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత కళ్ళెత్తి ఆంజనేయులు గారిని చూశాడు.

"ఎప్పుట్నుంచి బావా?"

"పడ్డప్పట్నుంచే."

"ఉప్పు గూడానా?"

"ఉప్పు కూడా."

"సెప్పినావు," అన్నాడు నజీర్. "పొద్దున్న సెప్పినావు. నానే ఇన్లేదు."

ఆయన మాట నమ్మిన మనిషి దొరికాడు. భార్య తర్వాత ఆ ఒక్కడే. పక్కన భట్టీలో సరుగుడు బొగ్గులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. నజీర్ లేచి వాటి మీద నీళ్ళు చల్లడానికి వెళ్ళాడు. ఆంజనేయులు గారికి ఏడుపు ముంచుకొచ్చింది, ఆపుకోలేదు కూడా. రసూల్ బీ లోపలికి వెళ్ళిపోయాక పెట్టె దగ్గరికి జరిగి, ఓ బిస్కెట్టు తీసుకుని నోట్లో పెట్టుకున్నారు. తన స్నేహితుడి భట్టీ ఆర్పేసిన ఆ చేదు ఎలాంటిదో తెలుసుకోవాలనిపించింది. కనీసం అదైనా తగిలితే చాలనుకుని, కళ్ళు మూసుకుని, పిండి పిండి అయ్యేదాకా నమిలారు. ఏమీ తగల్లేదు.